తనకేదైనా పరవాలేదు

"ఈ పూట నీకు వంట లేదు, హాయిగా కూర్చో" అన్నారు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. చొక్కా అయ్యాక అత్తయ్య చీర. చీర అయ్యాక అమ్మాయి వేసుకుంటానన్న తెల్ల డ్రస్సు మీద మరక. మరక వదిలించి, ఫ్యాను కింద ఆరేసేసరికి పదకొండయింది. తిండి ఆలస్యమైతే అత్తయ్యకు కడుపులో మంట కనుక పాలల్లో రెండు బిస్కెట్లు నానబెట్టి ఇచ్చాను. రాత్రికి ఎలాగూ ఇంట్లోనే తినాలి కనుక కూరగాయలు తరిగి మూతపెట్టాను. మందుల డబ్బా, నీళ్ళ సీసా, ఆవిడ దగ్గర చూపు కళ్ళజోడు, దూరం చూపు కళ్ళజోడు, చలిపుడితే కప్పడానికి శాలువా సంచీలో సర్దాను. మా ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "వంట లేకపోతే నీకు పొద్దుపోదు పాపం" అన్నారు. వేళాకోళానికే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట నేను చాలామందితో చాలాసార్లు అన్నాను. చెడ్డవాడు కాని మనిషి గురించి అన్నిసార్లు ఎందుకు చెప్పాల్సివచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

వెళ్తున్నది ఇటలీ వంటల హోటలుకి. పిలుపు నాది. అంటే, నాకు వచ్చింది.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే ఆరున్నరకి సూది పట్టుకుంటాను. చేరి ఇరవై ఏళ్ళయిందని మా ల్యాబు డాక్టరు గారు అందరినీ పిలిచి నా చేతికి ఒక కవరిచ్చారు. లోపల కూపన్. ఇద్దరికి భోజనం. దాని మీద నా పేరు అచ్చువేసి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. కేకు కూడా తెప్పించారు. "అక్కా, నువ్వే కొయ్యి, నువ్వైతే సమానంగా కోస్తావు" అన్నారు. కోశాను. పద్దెనిమిది ముక్కలు. తర్వాత కత్తి కడిగి, బల్ల తుడిచి, బయట కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచాను.

నా ఉద్యోగంలో సూది గుచ్చడం అరక్షణం పని. మిగతాదంతా అడగడమే. పరగడుపున వచ్చారా? చివరిసారి ఎప్పుడు తిన్నారు? ఏం తిన్నారు? రోజుకి డెబ్బైమందిని అడుగుతాను. మగవాళ్ళు వరసగా చెప్తారు, రెండోసారి వడ్డించుకున్నదానితో సహా. ఆడవాళ్ళు మాత్రం "ఏదో ఇంత తిన్నానమ్మా" అంటారు. ఏం తిన్నారమ్మా అని గుచ్చి అడిగితే, గుర్తు తెచ్చుకోవడానికి పైకి చూస్తారు. మూడు గంటల కిందట తన నోట్లోకి వెళ్ళిందేమిటో గుర్తురాదు. పక్కన కూర్చున్న భర్త ఏం తిన్నాడో అడగండి, ఉప్పు ఎంతపడిందో కూడా చెప్తారు. నేను కాగితం మీద 'భోజనం' అని రాసుకుని చెయ్యి చాపమంటాను. నన్నెవరైనా అడిగినా అదే చెప్పేదాన్ని.

ఆ కవరు మూడు వారాలు బీరువాలో చీరల మడతల్లో దాచాను. కౌంటరులో కూర్చునే అమ్మాయి తన ఫోనులో ఆ హోటలు వంటల జాబితా చూపించింది. బొమ్మలతో ఉంది. నేను ఒకటి ఎంచుకున్నాను. రిసోట్టో. పుట్టగొడుగులు వేసి వండిన అన్నం. వెడల్పు పళ్ళెంలో, పైన పచ్చటి ఆకు ఒకటి, ఆవిరి లేస్తూ. ఆ అమ్మాయి చేత నాలుగుసార్లు పలికించుకుని నేర్చుకున్నాను. స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని అభ్యాసం చేశాను. నవ్వొస్తే రానివ్వండి. నాకు కావలసింది ఆ వంట కూడా కాదు. నేను అడిగినది, నా ఎదురుగా, వేడిగా రావాలి. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా మధ్యలో లేవకుండా తినాలి. అంతే. ఆ ఆదివారం పొద్దున కావాలనే ఏమీ తినకుండా ఆకలి దాచుకున్నాను.

కూపన్ చూపించినప్పుడు మా ఆయన, "ఇద్దరికేనా?" అన్నారు. "అమ్మని వదిలేసి ఎలా వెళ్తాం? పిల్లని వదిలేసి మాత్రం ఎలా వెళ్తాం? అందరం వెళ్దాం. నువ్వెంత తింటావు, పిచ్చుకంత."

మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. లోపల చీకటి. కిటికీలకు మందపాటి తెరలు దించి, బల్ల బల్లకీ కొవ్వొత్తి వెలిగించారు. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"కరెంటు పోయిందటే?"

"లేదత్తయ్యా, ఇక్కడింతే."

"పట్టపగలు దీపాలేమిటి? ఎవరైనా పోయారేమో కనుక్కో."

మాకిచ్చిన బల్ల చేతులు కడుక్కునే గదిని ఆనుకుని ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఫినాయిలు వాసన. మంచి బల్ల ఒకటి కిటికీ పక్కన ఖాళీగా ఉంది. అడుగుదామా అన్నాను. "ఎందుకు వాళ్ళతో గొడవ, నువ్వు ఇటు చివర కూర్చో, అటు మేం కూర్చుంటాం" అన్నారాయన. కొస కుర్చీ, తలుపు తగిలే కుర్చీ, నాది. ఎవరు లోపలికి వెళ్ళినా నా భుజం తప్పించుకుని వెళ్ళాలి.

వడ్డించే ఆయన నా వయసువాడే. మెడకు టై. బూట్లు కరుస్తున్నట్టున్నాయి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు. నాకు ఎవరిని చూసినా ముందు చేతి నరాల మీదికి చూపు వెళ్తుంది. ఈయనవి మంచి నరాలు, ఒక్క పోటుకి దొరుకుతాయి. నేను కూపన్ ఇచ్చాను. ఆయన దాన్ని కొవ్వొత్తి దగ్గర పెట్టి చదివి, మొహమంతా నవ్వు చేసుకుని, చెయ్యి చాపాడు. మా ఆయన వైపు.

"అభినందనలు సార్! ఒకే చోట ఇరవై ఏళ్ళు! మాటలా!"

మా ఆయన ఆ చెయ్యి అందుకున్నారు. ఊపారు కూడా. "థాంక్యూ, థాంక్యూ" అన్నారు. నేను చూస్తున్నానని గమనించి, వడ్డించే ఆయన అటు తిరగ్గానే నా వైపు వంగి, "ఇప్పుడు వాడికి విడమరిచి చెప్పుకుంటూ కూర్చోవాలా? ఎవరిదైతే ఏంటి, ఇంట్లోదే కదా" అన్నారు.

ఉద్యోగం ఇంట్లోదే. పొద్దున్నే అయిదింటికి లేవడం మాత్రం నాది.

తిండి చెప్పే వేళయింది. కార్డు ఒకటే ఇచ్చారు, అది మా ఆయన చేతిలో ఉంది. అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండా పిజ్జా అంది. ఆయన తనకి పాస్తా అన్నారు. "అమ్మకి మెత్తటిది ఏదైనా ఉందా? ఇదిగో, అన్నమేదో ఉంది, ఇది ఒకటి." వేలు పెట్టి చూపించింది నా రిసోట్టోనే. సరే, ఆవిడ కూడా అదే తినచ్చు, ఒకటే ఉండాలని రూలేం లేదు. వడ్డించే ఆయన నా వైపు తిరిగాడు.

"మేడమ్‌కి?"

నోరు తెరిచాను. మూడు వారాల మాట నాలుక చివర ఉంది.

"తనకేదైనా పరవాలేదు" అన్నారు మా ఆయన, కార్డు మూసేసి. "అందరిదీ తలా కాస్త తింటుంది."

"అమ్మ అడ్జస్ట్ అయిపోతుందిలే అంకుల్" అంది అమ్మాయి.

మూడు ప్లేట్లు అని రాసుకుని వెళ్ళిపోయాడు. నేను నోరు మూసుకున్నాను. తెరిచి ఉందని అప్పటిదాకా తెలీలేదు.

ఆ మాట వాళ్ళు పుట్టించింది కాదు. తప్పు ఒప్పుకోవాలి కదా, మొదట అన్నది నేనే. కాపురానికి వచ్చిన మర్నాడు "ఏం తింటావమ్మాయ్?" అని అడిగారు. "నాకేదైనా పరవాలేదండీ" అన్నాను. మా అమ్మ బస్సెక్కించేటప్పుడు చెప్పి పంపింది, ఏదడిగినా పరవాలేదను, పేరొస్తుంది అని. పేరొచ్చింది. తిండి రాలేదు. మర్యాదకి ఒకసారి అన్న మాటని ఆ ఇంట్లో పత్రం రాయించుకున్నట్టు పెట్టెలో పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఏ మంచం అంటే ఆ మంచం, ఏ వైపంటే ఆ వైపు. ఫ్యాను గాలి తగలని మూల నాకు పరవాలేదు. ప్రయాణంలో మధ్య సీటు పరవాలేదు. పుట్టింటికి వెళ్ళే రోజు మారిస్తే పరవాలేదు. ఆ మాట నాతోపాటు ల్యాబుకి కూడా వచ్చింది. సెలవు రోజుల డ్యూటీలు వేసేటప్పుడు ఖాళీ గడులు మిగిలితే, "అక్కకి పరవాలేదు, వేసెయ్యండి" అంటారు. నేను మర్యాదస్తురాలినని అందరికీ తెలుసు. నాకేం ఇష్టమో తెలిసిన మనిషి కౌంటరులో కూర్చునే ఆ అమ్మాయి ఒక్కతే, అదీ మూడు వారాలుగా.

ముందు సూపు వచ్చింది, చల్లారిపోయి. తర్వాత రొట్టె వచ్చింది. మా ఆయన దాన్ని బల్లకేసి కొట్టి చూసి, "దీంతో మేకు దిగ్గొట్టచ్చు" అన్నారు. అమ్మాయి నవ్వింది. అత్తయ్య శాలువా అడిగింది, ఇచ్చాను. కళ్ళజోడు అడిగింది, ఇచ్చాను. అది కాదు రెండోది అంది, అదీ ఇచ్చాను. అరగంటకి పళ్ళేలు వచ్చాయి. పిజ్జా ఒక పక్క మాడింది. మా ఆయన పాస్తా నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశారు.

"ఉడకలేదు."

అత్తయ్య ఒక మెతుకు వేళ్ళ మధ్య నొక్కి చూసింది. "ఇదీ అంతేరా. పలుకు. శుద్ధ పలుకు. పళ్ళున్నవాళ్ళ అన్నం ఇది."

ఆ మాట విని ఇరవై రెండేళ్ళయింది. అన్నం ఉడికినట్టే ఉండి మెతుకు నడుమ గింజంత గట్టిదనం మిగిలితే దాన్ని పలుకంటాం. మా అమ్మ అన్నం పలుకు మీదే దించేది. మెతుకు మెతుకు విడివిడిగా, పంటికి తగులుతూ. మా నాన్న అదే ఇష్టంగా తినేవాడు, మేమూ అదే తిని పెరిగాం. అత్తవారింట్లో మొదటి రోజు నేను వండింది ఆ అన్నమే. అప్పటికి మామగారున్నారు. ఒక ముద్ద తిని, కంచం ముందుకి నెట్టి, చెయ్యి కడుక్కున్నారు. ఒక్క మాటనలేదు. అత్తయ్య మాత్రం అంది. "ఇదుగో అమ్మాయ్, ఈ ఇంట్లో అన్నానికీ పలుకుండకూడదు, కోడలికీ పలుకుండకూడదు." పంక్తిలో ఉన్నవాళ్ళంతా పొలమారేదాకా నవ్వారు. మాట చమత్కారంగానే ఉంది, నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఇంకో గ్లాసు నీళ్ళు ఎక్కువ పోశాను. మామగారు పోయారు. ఆవిడ పళ్ళు పోయాయి. ఆ గ్లాసు నీళ్ళు మాత్రం ఇప్పటికీ పోస్తున్నాను. నా ముద్ద కూడా ఆ గిన్నెలోంచే.

మా ఆయన వడ్డించే ఆయన్ని పిలిచారు. ఆయన కాళ్ళు మార్చుకుంటూ వచ్చాడు.

"సార్, ఇది ఇలాగే ఉండాలి. కాస్త పంటికి తగలాలి సార్. అక్కడి పద్ధతి."

"ఉడకనిది తినడం ఒక పద్ధతా? మాకు తిండి తినడం నేర్పుతున్నావా?" అని, నా వైపు తిరిగారు. "వీళ్ళకి అర్థం కాదు. నువ్వెళ్ళి దగ్గరుండి చేయించుకురా. ఎన్ని విజిల్స్ రావాలో చెప్పు వాళ్ళకి."

లేచాను. లేచాక తెలిసింది లేచానని. రెండు చేతుల్లో రెండు పళ్ళేలు, ఒకటి పాస్తా, ఒకటి రిసోట్టో. నా పేరు అచ్చువేసిన భోజనానికి వచ్చి, బల్లల మధ్య పళ్ళేలు మోసుకుపోతున్నాను. మధ్యలో ఒకాయన నన్ను చూసి వేలెత్తి, "ఇదిగోనమ్మా, ఇక్కడ నీళ్ళు" అన్నాడు. నేను చేతిలోవి పక్క బల్ల మీద పెట్టి, కూజా అందుకుని పోశాను. ముగ్గురికీ పోశాను. వాళ్ళావిడ "కాస్త ఐసు" అంది. ఐసు ఎక్కడుందో తెలీదన్నాను. కొత్తా అని అడిగింది. కాదండీ, ఇరవై రెండేళ్ళయింది అన్నాను. ఆవిడ ఏమనుకుందో.

వంటింటి తలుపుకి గుండ్రటి అద్దం. భుజంతో తోసుకుని వెళ్ళాను. లోపల బాగా వెలుతురు, బాగా వేడి. వంటాయన పెద్దవాడు, భుజాన తువ్వాలు, మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు. నా చేతుల్లోవి చూసి నిట్టూర్చాడు.

"ఉడకలేదు. అంతేనా?"

"అంతేనండి."

"ఇవాళ్టికి ఇవి ఏడోదీ ఎనిమిదోదీ. మొదట్లో బయటికొచ్చి చెప్పేవాణ్ణమ్మా, ఇది ఇలా ఉంటేనే రుచి, ఒక్కసారి నమిలి చూడండి బాబూ అని. ఎవడు వింటాడు? ఇప్పుడు వాదించడం మానేశా. గిన్నెలో పడేసి, నీళ్ళు పోసి, పదినిమిషాలు మంట పెడతా. గుజ్జయ్యాక పంపిస్తా. బ్రహ్మాండం అంటారు. సరిగ్గా వండి పంపించి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. చెయ్యి తప్పిపోతోంది."

నేను అక్కడే ఉన్న చెంచా తీసుకుని అత్తయ్య పళ్ళెంలోంచి ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలీదు, రుచి చూసి చెప్పే అలవాటు కావచ్చు. మెతుకు పంటికి తగిలింది. విడిపోయింది. నడుమ గింజంత గట్టిదనం.

"పలుకు" అన్నాను.

"అదేనమ్మా! మీరు పలుకంటారా? నాకు నేర్పినాయన ఏదో పేరు చెప్పాడు, నోరు తిరిగి చావదు. మీ మాటే నయం."

"బాగుంది."

"ఏది, మాటా, అన్నమా?"

"అన్నం."

ఆయన గరిటె దించి నన్ను చూశాడు. "మరి వెనక్కెందుకు తెచ్చారు?"

నేను చెంచా కింద పెట్టాను. ఆయన రిసోట్టో గిన్నెలోకి వంచి నీళ్ళు పోశాడు. విడివిడిగా ఉన్న మెతుకులు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, ముద్దవుతుంటే పక్కన నిలబడి చూశాను. రోజూ రెండు పూటలా నా చేత్తో నేను చేసే పనే. ఇంకొకళ్ళు చేస్తుంటే ఎప్పుడూ చూడలేదు.

"మీకేం చెప్పారు తినడానికి?" అన్నాడాయన.

"నేనింకా చెప్పలేదు" అన్నాను. "నాకొకటి చెయ్యండి. రిసోట్టో. ఎలా ఉండాలో అలాగే."

"పాతిక నిమిషాలు పడుతుందమ్మా. పక్కనే నిలబడి కలుపుతూ ఉండాలి."

"నిలబడండి" అన్నాను.

తిరిగి వచ్చి కూర్చునేసరికి అమ్మాయి పిజ్జా అంచులన్నీ ఒలిచి ఒక కుప్ప చేసి నా వైపు జరిపింది. "ఇవి నువ్వు తిను మా, నాకు గట్టిగా ఉన్నాయి." ఉడికించినవి వచ్చాయి. అత్తయ్య మొహం విప్పారింది. "ఇప్పుడు అన్నంలా ఉంది" అంది. "చూశావా, నువ్వెళ్తే కానీ పనవదు" అన్నారు మా ఆయన. ఆయన మెచ్చుకోలు అంతా ఇలాగే ఉంటుంది, వెనకాలే ఇంకో పని కనిపిస్తుంది. వాళ్ళు తింటుంటే నేను అంచులు ఇటూ అటూ కదుపుతూ కూర్చున్నాను. తినలేదు. ఆకలికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, అయినా తినలేదు. నాది వస్తోంది.

ఇంతలో ముగ్గురు పనివాళ్ళు వరసగా చప్పట్లు కొడుతూ వచ్చారు. చిన్న కేకు, మీద ఇరవై అంకె, ఒక కొవ్వొత్తి. తిన్నగా మా ఆయన ముందు పెట్టారు. ఆయన చుట్టూ చూసి, సిగ్గుపడినట్టు నవ్వి, ఊదారు. చుట్టుపక్కల బల్లలవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. అత్తయ్య కొడుకు బుగ్గ నిమిరింది. ఆయన కత్తి నా వైపు తిప్పారు. "నువ్వు కొయ్యి. సమానంగా కోస్తావు."

కొయ్యలేదు. చెయ్యి బల్ల కింద పెట్టుకున్నాను. కాసేపు చూసి ఆయనే కోశారు, వంకరగా.

కేకు అయింది. ఆయన మూతి తుడుచుకుని లేచారు. "పదండి, అమ్మ నడుం వాల్చే వేళయింది."

"నాది రాలేదు" అన్నాను.

"నీదేంటి?"

"నేనొకటి చెప్పాను."

"ఎవరితో?"

"వంటాయనతో."

"ఇప్పుడా? అందరి తిండీ అయిపోయాకా?"

అత్తయ్య తన పళ్ళెం నా ముందుకి తోసింది. సగం మిగిలి ఉంది. "మళ్ళీ ఇంకోటెందుకే? ఇంత మిగిలిపోయె. ఇది కానిచ్చెయ్."

"నేనది తినను అత్తయ్యా."

"ఎంగిలనా? ఇన్నేళ్ళు లేని ఎంగిలి ఇప్పుడొచ్చిందా?"

"ఎంగిలని కాదు. మెత్తగా ఉందని. నాకు మెత్తటన్నం పడదు."

మా ఆయన మళ్ళీ కూర్చున్నారు. నిజంగానే ఆశ్చర్యపోయారు, పాపం. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

ఎప్పుడు చెప్పాలి? కంచం ముందుకి నెట్టిన రోజా? పంక్తి అంతా నవ్విన రోజా? పొయ్యి దగ్గర నా వైపు వీపుతిప్పుకుని మీరంతా తినే వేళా? మీరు తిని లేచాక గిన్నె అడుగు గీరుకునే వేళా? అడగని ప్రశ్నకి జవాబు ఏ గరిటెతో వడ్డించాలి? ఇవన్నీ అనలేదు. అంటే హోటల్లో రభస చేశానంటారు, తర్వాత పదేళ్ళు ఆ రభస గురించే మాట్లాడతారు, అన్నం గురించి మాట్లాడరు.

"ఇప్పుడు చెప్తున్నాను కదండీ" అన్నాను.

"సరే, కట్టించెయ్. ఇంటికెళ్ళి తిందువుగాని."

"చల్లారితే బాగోదట. ఇక్కడే తింటాను."

ఆయన వాచీ చూసుకున్నారు. "మేం కారులో కూర్చుంటాం. త్వరగా కానిచ్చుకుని రా." అత్తయ్య శాలువా విదిలించి, "ఏం తిండి యావో" అంది, నాకు వినబడేంత మెల్లగా. అమ్మాయి వెళ్తూ వెనక్కి తిరిగింది. నాతో ఉంటానంటుందేమో అనుకున్నాను. "మా, సంచీలో నా ఛార్జరుందా?" అంది. సంచీ మొత్తం దాని చేతికిచ్చేశాను.

ఒక్కదాన్నే కూర్చున్నాను. కొస కుర్చీలోంచి లేచి గోడ వైపు కుర్చీలోకి మారాను. భుజం ఎవరికీ తగల్లేదు. హోటల్లో ఒంటరిగా కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఎవరికీ ఏమీ అందించనక్కర్లేకపోతే చేతులు ఇంత పొడవుంటాయా అనుకున్నాను.

పాతిక నిమిషాలు అన్నది నలభై అయింది. పళ్ళెం వచ్చింది. వెడల్పు పళ్ళెం, పైన పచ్చటి ఆకు, ఆవిరి. వడ్డించే ఆయన రెండు చేతులతో పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. చెంచా ముంచక ముందే తెలిసిపోయింది. చూపుకే తెలుస్తుంది, నా కళ్ళు అందులోనే ముసలివైపోయాయి. ముద్ద. గుజ్జు. ఉబ్బిపోయిన మెతుకులు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

"సార్ వెళ్తూ చెప్పారు మేడమ్" అన్నాడాయన సంతోషంగా. "మేడమ్‌ది కూడా బాగా ఉడికించి ఇవ్వమన్నారు. దించేశాక నేనే దగ్గరుండి మళ్ళీ పొయ్యెక్కించాను. అందుకే ఆలస్యం."

మా ఆయన చెడ్డవాడు కాదని చెప్పాను కదా. నా మీద కోపంతో చెయ్యలేదు, ప్రేమతోనే చెప్పి ఉంటారు. గట్టిగా ఉంటే నాకు ఇబ్బందవుతుందని. నిమిషం ముందు ఆయన కళ్ళలోకి చూసి నేను చెప్పిన మాట అప్పటికే ఆయన దగ్గర లేదు. నేను మాట్లాడుతుంటే ఆయన వింటారు, అందులో సందేహం లేదు. విన్నది మాత్రం ఆయనకి ముందే తెలిసిందే అయి ఉండాలి.

చెంచా తీసుకున్నాను. తినెయ్యడం ఎంత సులువో. రెండు నిమిషాల పని, నమలనక్కర్లేదు కూడా. బయట కారులో ముగ్గురున్నారు. ఈ పెద్దమనిషి కాళ్ళు నొప్పులు పెడుతున్నాయి. లోపల వంటాయన నలభై నిమిషాలు నిలబడ్డాడు. అందరి కష్టం నాకు తెలుస్తూనే ఉంది, తెలియడమే నాకొచ్చిన రోగం. ఒక్క చెంచాడు మింగాను. మా ఇంటి అన్నం. చీజు వాసన తేడా, అంతే.

ఫోను మోగింది. మా ఆయన.

"వచ్చిందా? మెత్తగా చెయ్యమని చెప్పాన్లే నీ కోసం." గొంతులో గర్వం. మంచి పని చేసినవాడి గొంతు.

"వచ్చిందండీ. బాగోలేదు. వెనక్కి పంపిస్తున్నాను" అన్నాను. వడ్డించే ఆయన వింటున్నాడు, వినాలనే అన్నాను. పళ్ళెం ఆయన వైపు జరిపాను. ఆయన పళ్ళేన్ని చూసి, నన్ను చూసి, ఎత్తుకున్నాడు. "వంటాయనతో నేను చెప్పిందే చెయ్యమనండి. ఇంకెవరు చెప్పినా వద్దు" అన్నాను.

"పంపించడమేంటి?" ఫోనులో మా ఆయన. "మళ్ళీ ఎంతసేపు?"

"పాతిక నిమిషాలో, నలభయ్యో. మీరు ఇంటికెళ్ళిపోండి. నేను బస్సులో వస్తాను."

"మరి అమ్మ మాత్ర?"

"డబ్బాలో ఉంది. డబ్బా మీ దగ్గరే ఉంది."

కారు తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. దిగి పక్కకి వచ్చారనుకుంటాను. గొంతు తగ్గించారు.

"ఏమైంది నీకివాళ? అన్నం దగ్గర ఇంత రాద్ధాంతమా? ఇంట్లో అయితే ఏం చేస్తావు, ఇంటిల్లిపాదికీ గట్టన్నం పెడతావా? అమ్మ ఏం తింటుంది?"

"అత్తయ్యకి మెత్తగానే వండుతాను. మీకూ అంతే. నాది నేను విడిగా వండుకుంటాను, రేపట్నుంచి."

"నీ ఒక్కదానికీ విడిగానా?" నవ్వబోయారు, నవ్వు సరిగ్గా రాలేదు. "వేరు కుంపటి పెడతానంటావు, అంతేనా?"

"కుంపటి ఒకటేనండీ" అన్నాను. "గిన్నె వేరు."